ప్రోస్టేట్ క్యాన్సర్ స్థానిక విస్తరణ – చిత్రణ పద్ధతులు: ఒక తులనాత్మక విమర్శ

వ్యాససంగ్రహం:
ప్రోస్టేట్ క్యాన్సర్ గ్రంథిలోపలే ఉందా, గ్రంథి హద్దు దాటి చుట్టుపక్కల కణజాలంలోకి పాకిందా అన్నది చికిత్సను నిర్ణయించే ప్రశ్న. దీనికి సమాధానం వెదకడానికి వేలితో చేసే పరీక్ష, అల్ట్రాసౌండ్, సి.టి., ఎం.ఆర్.ఐ., పెట్ స్కాన్ అనే సాధనాలు ఉన్నాయి. వీటిలో ఏది మేలైనదో తేల్చడానికి జరిగిన ప్రధాన అధ్యయనాలను ఈ వ్యాసం తులనాత్మకంగా పరిశీలిస్తుంది. ఒక ప్రశ్నకు వచ్చిన అంకెను మరో ప్రశ్నకు జవాబుగా వాడటం ఈ పోలికల్లో తరచు జరిగే పొరపాటని నిరూపిస్తుంది. ఈ విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు పదాల ఎంపిక వల్ల కలిగే అర్థభేదాలనూ చర్చిస్తుంది.

కీలకపదాలు: ప్రోస్టేట్ గ్రంథి, స్థానిక విస్తరణ, ఎం.ఆర్.ఐ., అల్ట్రాసౌండ్, పెట్ స్కాన్, వైద్య పరిభాష, తెలుగు శాస్త్రరచన.

1. ఉపోద్ఘాతం:
క్యాన్సర్ అని తెలిసిన వెంటనే తెలుగు ఇంట్లో వినిపించే మొదటి ప్రశ్న "ఇంకెక్కడికైనా పాకిందా?" అన్నది. ఈ ఒక్క ప్రశ్నలో వైద్యశాస్త్రం విడివిడిగా చూసే మూడు ప్రశ్నలు కలిసి ఉన్నాయి. కణితి పుట్టిన అవయవం హద్దు దాటి పక్కనున్న కణజాలంలోకి చొచ్చుకుపోయిందా? దగ్గరి శోషరస గ్రంథులకు చేరిందా? ఎముకల వంటి దూరపు భాగాలకు చేరిందా? మొదటిది స్థానిక విస్తరణ. మిగిలిన రెండూ వేరు. ఒక ప్రశ్నకు సరిపోయే సాధనం మరో ప్రశ్నకు సరిపోవాలని లేదు. "ఏ స్కాన్ మంచిది?" అన్న ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోవడానికి ఇదే ముఖ్యకారణం. ఈ వ్యాసం మొదటి ప్రశ్నకే పరిమితమవుతుంది.

2. గ్రంథి నిర్మాణం – హద్దు అనే సమస్య:
తెలుగులో పౌరుషగ్రంథి అని కూడా వ్యవహరించే ప్రోస్టేట్, పురుషులలో మూత్రాశయానికి దిగువన, పురీషనాళానికి ముందు, మూత్రనాళాన్ని చుట్టుకొని ఉండే చిన్న గ్రంథి. దీని వెలుపలి మండలంలోనే సుమారు 70 శాతం క్యాన్సర్లు పుడతాయి. అంటే వ్యాధి చాలావరకు హద్దుకు దగ్గరగానే మొదలవుతుంది. గ్రంథికి పైన, వెనుక శుక్రకోశాలు ఉంటాయి. వెనుకవైపు రెండు పక్కలా, గడియారంలో అయిదు, ఏడు గంటల స్థానాలలో, అంగస్తంభనకు అవసరమైన నరాలు, రక్తనాళాలు కట్టలుగా సాగుతాయి.

గ్రంథి చుట్టూ ఉన్న పొర పండుపై తొక్కలాగా విడిగా ఒలిచి చూపగలిగినది కాదు. అది గ్రంథిలోని కండర, తంతు కణజాలమే అంచున దట్టమై ఏర్పడిన పట్టీ. గ్రంథి కొనభాగంలో అది స్పష్టంగా ఉండదు. అందువల్ల "పొర దాటడం" అన్న మాట చెప్పినంత తేలికగా గుర్తించగలిగిన సంఘటన కాదు. సూక్ష్మదర్శిని కింద కోతలు పరిశీలించే నిపుణులకే కొన్ని చోట్ల అది తర్కానికి తావిచ్చే విషయం. అటువంటి హద్దును శరీరం వెలుపలి నుంచి చిత్రంలో వెదకడమే ఇక్కడి అసలు కష్టం.

3. దశావిభాగం – నిర్ణయాల భారం:
అంతర్జాతీయంగా వాడే దశావిభాగంలో గ్రంథికి పరిమితమైన కణితి టి2. గ్రంథి దాటి పక్కనున్న కొవ్వులోకి, నరాల కట్టలోకి చొచ్చితే టి3ఎ. శుక్రకోశాలలోకి చేరితే టి3బి. పురీషనాళం, కటికుహరపు గోడ వంటి భాగాలను పట్టుకుంటే టి4. ఈ విభాగంలో ఒక విచిత్రం ఉంది. 2018 నుంచి అమలులో ఉన్న అమెరికా ఉమ్మడి సంఘపు ఎనిమిదవ కూర్పులో, చికిత్సకు ముందు ఇచ్చే టి దశను వేలితో చేసిన పరీక్ష ఆధారంగానే నిర్ణయించాలి. చిత్రాలలో కనిపించినదాన్ని అందులో కలపకూడదు. చిత్రాలు చదవడం కేంద్రాన్ని బట్టి, చదివే వ్యక్తిని బట్టి మారుతుండటం ఈ జాగ్రత్తకు నేపథ్యం. అయినా శస్త్రవైద్యులు ఆపరేషన్ పథకాన్ని చిత్రం చూసే వేసుకుంటున్నారు. పత్రంలోని దశకూ, ఆపరేషన్ గదిలోని నిర్ణయానికీ ఆధారం ఒకటే కాకుండా పోయింది.

ఈ నిర్ణయాల భారం చిన్నది కాదు. 1982లో ప్యాట్రిక్ వాల్ష్ నరాల కట్టలను కాపాడుతూ గ్రంథిని తొలగించే శస్త్రచికిత్సను ప్రారంభించాడు. ఆ తరువాత హద్దు ప్రశ్నకు కొత్త బరువు వచ్చింది. కణితి హద్దు దాటకపోయినా దాటినట్లు చిత్రం చూపితే, కాపాడదగిన నరాలను అనవసరంగా తీసివేయవలసి వస్తుంది. దాటినా దాటనట్లు చూపితే, నరాలతోపాటు క్యాన్సర్ కణాలనూ శరీరంలో మిగిల్చే ప్రమాదం ఉంటుంది. మొదటి తప్పుకు మూల్యం రోగి దాంపత్యజీవితం. రెండవ తప్పుకు మూల్యం వ్యాధి తిరగబెట్టడం. ఒక తప్పును తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. పద్ధతుల మధ్య ఏ పోలికైనా ఈ రెండు తప్పులనూ వేరువేరుగా లెక్కించాలి.

4. తొలి సాధనాలు – వేలు, ధ్వని, సి.టి.:
పురీషనాళం ద్వారా వేలితో చేసే పరీక్ష అన్నిటికంటే పాతది, ఖర్చులేనిది. గ్రంథి వెనుకభాగంలోని గట్టిదనాన్ని అది గుర్తిస్తుంది. ముందుభాగంలోని కణితి వేలికి అందదు. సూక్ష్మమైన చొరబాటు స్పర్శకు తెలియదు.

పురీషనాళంలోనుంచి చేసే అల్ట్రాసౌండ్‌ను 1960ల చివర, 1970ల మొదట జపాన్‌లో హిరోకి వతనాబే బృందం ఆచరణయోగ్యంగా తీర్చిదిద్దింది. చేయడం సులువు, వికిరణం లేదు, సూదితో ముక్క తీయడానికి దారి చూపుతుంది. అయితే ధ్వని తరంగాల చిత్రంలో చాలా కణితులు పరిసర కణజాలం లాగానే కనిపిస్తాయి. కణితి అంచే కనిపించనప్పుడు, ఆ అంచు హద్దు దాటిందో లేదో చెప్పడం కష్టం.

సి.టి. స్కాన్ ఎముకలకు, శోషరస గ్రంథుల పరిమాణానికి ఉపయోగపడుతుంది. గ్రంథిలోని మెత్తని కణజాలాల మధ్య తేడాను అది తగినంతగా చూపదు. కణితికీ, ఆరోగ్యకరమైన గ్రంథికీ, చుట్టూ ఉన్న పొరకూ మధ్య గీత సాధారణంగా అందులో కనిపించదు. కనుక స్థానిక విస్తరణ తొలిదశను గుర్తించడంలో సి.టి. పాత్ర స్వల్పం.

5. 1990 నాటి పోలిక – ఒక పాఠం:
ఎం.ఆర్.ఐ. వచ్చిన కొద్దికాలానికే దానిని అల్ట్రాసౌండ్‌తో పోల్చే బహుకేంద్ర అధ్యయనం అమెరికాలో జరిగింది. రిఫ్కిన్ బృందం దాని ఫలితాలను 1990లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రకటించింది. వ్యాధి గ్రంథికే పరిమితమని భావించిన 230 మంది ఇందులో ఉన్నారు. ముదిరిన వ్యాధిని ఎం.ఆర్.ఐ. 77 శాతం మందిలో, అల్ట్రాసౌండ్ 66 శాతం మందిలో సరిగా గుర్తించాయి. గ్రంథికి పరిమితమైన వ్యాధిని ఎం.ఆర్.ఐ. 57 శాతం మందిలో, అల్ట్రాసౌండ్ 46 శాతం మందిలో మాత్రమే సరిగా చెప్పగలిగాయి. గణాంకపరంగా ఈ తేడాలు నిలబడలేదు. 5 మిల్లీమీటర్లకు మించిన కణితులను ఎం.ఆర్.ఐ. 60 శాతం, అల్ట్రాసౌండ్ 59 శాతం గుర్తించాయి.

ఈ ఫలితాన్ని రెండు విధాలుగా చదవవచ్చు. 77 పెద్దది, 66 చిన్నది, కాబట్టి ఎం.ఆర్.ఐ. గెలిచిందనడం ఒక చదువు. వ్యాధి గ్రంథిలోనే ఉన్న ప్రతి 100 మందిలో 43 మందిని ఎం.ఆర్.ఐ., 54 మందిని అల్ట్రాసౌండ్ తప్పుగా వర్గీకరించాయని గమనించడం రెండో చదువు. అధ్యయనంలోని అసలు సమాచారం రెండో చదువులో ఉంది. రెండు సాధనాలూ అప్పటికి ఆ పనికి సిద్ధంగా లేవు. పోలికలో ఒకటి ముందుందని తేలినంత మాత్రాన అది పనికి సరిపోతుందని తేలదు. సాపేక్షమైన ఆధిక్యాన్ని సంపూర్ణమైన యోగ్యతగా తీసుకోవడం పోలికా వ్యాసాలలోని మొదటి లోపం.

6. ఎం.ఆర్.ఐ. ఎదుగుదల – మిగిలిన పరిమితి:
ఆ తరువాతి కాలంలో అయస్కాంత క్షేత్రపు బలం పెరిగింది. నిర్మాణాన్ని చూపే చిత్రాలకు, కణజాలంలో నీటి అణువుల కదలికను చూపే చిత్రాలు, రంగుద్రవ్యం ఇచ్చి తీసే చిత్రాలు తోడయ్యాయి. చిత్రాలను ఒకే పద్ధతిలో చదవడానికి పై-రాడ్స్ అనే మార్గదర్శకాలు 2012లో వచ్చాయి. 2015, 2019 సంవత్సరాలలో వాటిని సవరించారు.

హద్దు దాటడానికి గుర్తులుగా చూసేవి ఇవి: గ్రంథి అంచు ఉబ్బడం, అంచు గరుకుగా మారడం, కణితి పొరను ఎక్కువ పొడవున ఆనుకొని ఉండటం, నరాల కట్టలు రెండువైపులా సమానంగా లేకపోవడం, గ్రంథికీ పురీషనాళానికీ మధ్య కోణం పూడిపోవడం. 2019లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు వీటిలో కొన్నిటిని సులభమైన మెట్లుగా అమర్చారు. 1.5 సెంటీమీటర్లు లేదా అంతకు మించిన వంపు స్పర్శ, అంచు ఉబ్బు లేదా గరుకుదనం అనే రెండింటిలో ఒకటే ఉంటే మొదటి మెట్టు. రెండూ ఉంటే రెండవది. గ్రంథి వెలుపలికి కణితి సూటిగా కనిపిస్తే మూడవది. "ఉంది, లేదు" అన్న రెండు మాటల స్థానంలో అనుమానపు తీవ్రతను మెట్లుగా చెప్పడం దీని విశేషం.

2016లో యూరోపియన్ యూరాలజీలో డి రూయి బృందం 75 అధ్యయనాలను, 9796 మంది రోగుల సమాచారాన్ని కలిపి విశ్లేషించింది. గ్రంథి దాటిన విస్తరణను ఎం.ఆర్.ఐ. 57 శాతం మందిలో పట్టుకుంది. దాటనివారిలో 91 శాతం మందికి దాటలేదనే చెప్పింది. శుక్రకోశాల విషయంలో ఈ అంకెలు 58, 96. అంటే ఎం.ఆర్.ఐ. "దాటింది" అన్నప్పుడు ఆ మాటకు బలం ఉంది. "దాటలేదు" అన్నప్పుడు అంత బలం లేదు. కారణం ఊహించదగినదే. కణాలు కొన్ని సూక్ష్మంగా పొర దాటితే ఏ అయస్కాంతమూ వాటిని చూపలేదు. ముక్క తీసినప్పుడు గ్రంథిలో నిలిచిన రక్తం కూడా చిత్రాన్ని కలుషితం చేస్తుంది.

ఈ శాతాల అర్థాన్ని ఒక ఊహాలెక్కతో చూడవచ్చు. 1000 మంది రోగులలో 300 మందికి వ్యాధి హద్దు దాటిందనుకుందాం. 57 శాతం చొప్పున ఎం.ఆర్.ఐ. 171 మందిని పట్టుకుంటుంది, 129 మందిని వదిలేస్తుంది. మిగిలిన 700 మందిలో 637 మందికి దాటలేదని సరిగా చెబుతుంది, 63 మందికి దాటిందని తప్పుగా చెబుతుంది. "దాటింది" అన్న నివేదిక పొందిన 234 మందిలో 171 మందికి, అంటే 73 శాతానికి, అది నిజం. "దాటలేదు" అన్న నివేదిక పొందిన 766 మందిలో 129 మందికి, అంటే సుమారు ఆరుగురిలో ఒకరికి, అది నిజం కాదు. మొదట అనుకున్న 300 మారితే ఈ ఫలితాలూ మారుతాయి. యంత్రం అదే, అంకెలు అవే. ఎదుట ఉన్న రోగి ప్రమాదస్థాయిని బట్టి నివేదిక విలువ మారుతుంది.

మరొక పరిమితిని కూడా విమర్శకుడు గమనించాలి. తొలగించిన గ్రంథిని కోతలుగా చేసి పరీక్షించడమే ఈ అధ్యయనాలకు సాధారణంగా గీటురాయి. కనుక శస్త్రచికిత్స చేయించుకున్నవారే లెక్కలోకి వస్తారు. వ్యాధి బాగా ముదిరి ఆపరేషన్‌కు పనికిరారని తేలినవారు, వికిరణ చికిత్సను ఎంచుకున్నవారు లెక్కకు అందరు. అధ్యయనంలోని జనం, ఆసుపత్రికి వచ్చే జనం ఒకటి కారు.

7. ప్రశ్నల మార్పిడి – రెండు ఉదాహరణలు:
పోలికలలో రెండో లోపం ఒక ప్రశ్నకు వచ్చిన అంకెను మరో ప్రశ్నకు అంటగట్టడం. 2017లో లాన్సెట్‌లో వచ్చిన బ్రిటన్ అధ్యయనం ప్రామిస్‌లో 576 మంది పాల్గొన్నారు. ముఖ్యమైన క్యాన్సర్‌ను గుర్తించడంలో ఎం.ఆర్.ఐ. 93 శాతం, అల్ట్రాసౌండ్ సాయంతో ముక్క తీసే పద్ధతి 48 శాతం సఫలమయ్యాయి. ఈ 93ను చూసి ఎం.ఆర్.ఐ. "తొంభై మూడు శాతం కచ్చితం" అనడం రెండు రకాల పొరపాటు. అది కణితి ఉనికికి సంబంధించిన అంకె, హద్దుకు సంబంధించినది కాదు. ఆ అధ్యయనంలోనే అటువంటి క్యాన్సర్ లేనివారిని సరిగా గుర్తించిన శాతం 41 మాత్రమే.

రెండో ఉదాహరణ పెట్ స్కాన్. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల ఉపరితలంపై అధికంగా ఉండే పి.ఎస్.ఎం.ఎ. అనే మాంసకృత్తుకు అంటుకునే పదార్థానికి రేడియోధార్మిక గుర్తు చేర్చి శరీరంలోకి పంపుతారు. 2020లో లాన్సెట్‌లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం ప్రో-పి.ఎస్.ఎం.ఎ.లో తీవ్ర ప్రమాదస్థాయి ఉన్న 302 మందిని రెండు వర్గాలుగా చేశారు. శోషరస గ్రంథులకు, దూరభాగాలకు చేరిన వ్యాధిని గుర్తించడంలో కొత్త పద్ధతి కచ్చితత్వం 92 శాతం. సి.టి., ఎముకల స్కాన్ కలిసిన పాత పద్ధతిది 65 శాతం. ఇది పెద్ద ముందడుగు. అయితే ఈ పోలికలో ఎం.ఆర్.ఐ. ప్రతిపక్షంగా లేదు, స్థానిక విస్తరణ ప్రశ్నగా లేదు. పెట్ చిత్రం కణితి ఎక్కడ వెలుగుతోందో చూపుతుంది. మిల్లీమీటర్ల తేడాతో పొర దాటిందో లేదో చూపేంత సూక్ష్మత దానికి లేదు. మూత్రం ద్వారా బయటికి పోయే పదార్థమైతే మూత్రాశయపు వెలుగు పక్కనున్న భాగాన్ని కప్పివేస్తుంది. కొన్ని కణితులు ఆ మాంసకృత్తును తగినంత ప్రదర్శించవు. శుక్రకోశాల చొరబాటు విషయంలో అది ఎం.ఆర్.ఐ.కి తోడు నిలవగలదు. పెట్ వచ్చింది కాబట్టి ఎం.ఆర్.ఐ. అక్కరలేదనడం మాత్రం ఆ అధ్యయనం చెప్పని మాట.

8. తెలుగులో చెప్పడం – పదాల బాధ్యత:
1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాలు వెలువరించి శాస్త్రాన్ని తెలుగులో బోధించడానికి దారి వేసింది. ఒక మాటకు మరో మాటను సమకూర్చడంతో ఆ పని పూర్తికాదు. ఆ మాట రోగి చెవిలో ఏ అర్థంగా పడుతుందో చూడటం కూడా అందులో భాగమే. ఈ విషయంలో నాలుగు సందర్భాలు గమనించదగినవి.

మొదటిది, గ్రంథి చుట్టూ ఉన్న పొరను "గుళిక" అనడం. తెలుగులో గుళిక మింగే మాత్ర. "గుళిక పగిలింది" అంటే పాఠకుడికి కలిగే భావన వేరు. "అంచుపొర" అన్న మాట వస్తువుకు దగ్గరగా ఉంటుంది.

రెండవది, వ్యాధి కనిపించిన ఫలితాన్ని "అనుకూల ఫలితం" అనడం. రోగికి అనుకూలం అంటే మేలు. వ్యాధి ఉందని చెప్పే పత్రాన్ని అనుకూలమనడం పదార్థాన్ని తలకిందులు చేస్తుంది. "కనిపించింది", "కనిపించలేదు" అన్న క్రియలు ఇక్కడ చాలు.

మూడవది, "సున్నితత్వం", "నిర్దిష్టత" అన్న జంట. శాస్త్ర విద్యార్థులకు ఇవి స్థిరపడిన పదాలు, మార్చనవసరం లేదు. సామాన్య పాఠకుడికి మాత్రం సున్నితత్వమంటే మృదుత్వం. తొలిసారి వాడినప్పుడు "ఉన్నదాన్ని పట్టుకొనే శక్తి", "లేనిదాన్ని లేదనగల శక్తి" అని వివరిస్తే రెండు రకాల తప్పులూ విడివిడిగా మనసుకెక్కుతాయి.

నాలుగవది "పాకడం". తీగ పాకుతుంది, నిప్పు పాకుతుంది. పుట్టిన చోటును విడవకుండా పక్కకు సాగే కదలికను ఈ క్రియ సూచిస్తుంది. స్థానిక విస్తరణకు ఇది చక్కగా అమరుతుంది. కణాలు రక్తం ద్వారా వెళ్లి ఎముకలో కొత్తగా స్థావరం ఏర్పరచుకోవడం పాకడం కాదు. దానికి "దూరవ్యాప్తి" వంటి వేరే మాట కావాలి. జనవ్యవహారంలో రెండింటికీ "పాకింది" అన్నదే వాడుక. రచయిత ఆ భేదాన్ని నిలబెడితే, గ్రంథి అంచు దాటిన రోగి తన వ్యాధి ఒళ్లంతా పాకిందని కుంగిపోయే పరిస్థితి కొంతైనా తగ్గుతుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది క్రియారూపం. "హద్దు దాటలేదు" అన్న వాక్యం గ్రంథి గురించిన నిర్ధారణ. "హద్దు దాటినట్లు కనిపించలేదు" అన్న వాక్యం చిత్రం గురించిన నివేదన. పైలెక్కలోని 129 మంది ఈ రెండు వాక్యాల మధ్య అంతరంలోనే ఉన్నారు. "అట్లు" చేర్చి చూసినదానికీ ఉన్నదానికీ తేడా చూపడం తెలుగు వ్యాకరణానికి సహజమైన సదుపాయం. అనువాదపు తొందరలో దానిని వదులుకుంటే భాషకే కాక అర్థానికీ నష్టం.

9. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు:
• స్థానిక విస్తరణను గుర్తించడంలో ప్రస్తుత సాధనాలలో ఎం.ఆర్.ఐ.కే ప్రథమస్థానం. అది "దాటింది" అన్నప్పుడు ఎక్కువగా, "దాటలేదు" అన్నప్పుడు తక్కువగా నమ్మదగినది.
• అల్ట్రాసౌండ్ ముక్క తీయడానికి, సి.టి. దూరభాగాల పరిశీలనకు ఉపయోగపడతాయి. సూక్ష్మమైన హద్దు ప్రశ్నకు రెండూ చాలవు.
• పి.ఎస్.ఎం.ఎ. పెట్ స్కాన్ దూరవ్యాప్తి విషయంలో మునుపటి పద్ధతులను మించింది. ఆ విజయాన్ని స్థానిక విస్తరణకు వర్తింపజేయడం సరికాదు.
• ఏ అంకెనైనా ఏ ప్రశ్నకు, ఏ రోగులలో, ఏ గీటురాయితో వచ్చిందో చెప్పకుండా పోలికలో వాడరాదు.
• తెలుగులో ఈ విషయాన్ని రాసేవారు వ్యాధి స్థితిని తెలిపే వాక్యాన్ని, చిత్రంలో కనిపించినదాన్ని తెలిపే వాక్యాన్ని వేరుగా ఉంచాలి.

నరాలను కాపాడాలా, తీసివేయాలా అన్న నిర్ణయం చివరికి వైద్యుడూ రోగీ కూర్చుని తీసుకునేది. ఆ సంభాషణ తెలుగులో జరిగినప్పుడు, ఆరుగురిలో ఒకరి విషయంలో చిత్రం పొరబడవచ్చునన్న సంగతి రోగికి అర్థమయ్యే మాటల్లో అందాలి. ఆ మాటలను సిద్ధం చేయడం తెలుగు శాఖల పరిశోధనకు కూడా తగిన పని.